నీటి వెంట వచ్చినవాళ్ళం

తమిళదేశంలో తరతరాలుగా కాపురమున్న మన తెలుగు కుటుంబాలను "మీరు ఏ ఊరివారు?" అని అడిగితే తమాషా అయిన జవాబు వస్తుంది. "మాది ఈ ఊరేనండీ, అయితే మేము వచ్చినవాళ్ళం" అంటారు. వచ్చి నాలుగైదు వందల సంవత్సరాలైనా ఆ "వచ్చినవాళ్ళం" అనే మాట మాత్రం నోటి నుండి పోలేదు. ఎందుకు వచ్చాము? వచ్చినప్పుడు మనకు దొరికినదేమిటి? మన తరువాత వచ్చినవారికి మనమేమి ఇస్తున్నాము? ఈ మూడు ప్రశ్నలను మూటకట్టుకొని ఈ మధ్య కోవిలుపట్టి నల్లనేలల నుండి మధుర మీదుగా కోయంబత్తూరు వరకు తిరిగి వచ్చాను. చూచినది, విన్నది, చదివినది కలిపి మన పాఠకులకు మనవి చేస్తున్నాను.

నల్లనేల

తిరునెల్వేలి వదలి ఉత్తరంగా వస్తూ ఉంటే కోవిలుపట్టి చుట్టుపట్ల నేల రంగు మారిపోతుంది. తమిళులు దీనిని కరిసల్ అంటారు. మనకిది నల్లరేగడి. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు కాలు దిగబడి పైకి రాదు. విజయనగరపు రోజులలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథనాయకుడు మధురలో నాయకరాజ్యానికి పునాది వేసిన తరువాతనూ తెలుగువారు గుంపులు గుంపులుగా దక్షిణానికి దిగారు. తామ్రపర్ణి, వైగై ఒడ్డున వరి పండే భూములు అప్పటికే తమిళ రైతుల చేతిలో ఉన్నవి. మిగిలినది ఈ రేగడి. ఇందులో పత్తి, జొన్న, సజ్జ పండించే విద్య, లోతుగా బావి త్రవ్వి కపిల తోలే విద్య మనవారు వెంట తెచ్చుకున్నారు. ఇతరులకు అక్కరలేని నేల వారికి అన్నం పెట్టింది.

రాజులు, దండనాయకులు అలా ఉండగా, ఈ గ్రామాలలో చెప్పుకొనే కథ వేరు. ఒక పాలకుని బలవంతానికి జడిసి ఆడపిల్ల మానం కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి ఊరు విడిచారట. దారిలో ఏరు పొంగి అడ్డం వచ్చింది. అప్పుడు ఒడ్డున ఉన్న కానుగ చెట్లు కొమ్మలు వంచి వంతెన అయినవట. ఆ కృతజ్ఞతతో కంబళత్తు నాయకులు ఈనాటికీ కానుగను మన్నిస్తారు. ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రచన సాగించిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇటువంటి వలస కథనే తన "గోపల్ల గ్రామం" నవలకు మూలం చేసుకున్నారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని తూకం వేయడం నా పని కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించదగినది. పారిపోయి వచ్చినవాడు తనకు దారి ఇచ్చిన చెట్టును అయిదు వందల యేళ్ళు మరవలేదు.

ఒక పల్లెలో ఎండకు ఆగి అరుగు మీద కూర్చుంటే ఒక ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా మాట విని, "తెలుంగు మాట్లాడతారా నాయనా? యాడనించి వస్తిరి?" అన్నది. పంటల మాట అడిగాను. "ఐప్పసి నెల వస్తే వాన వచ్చేది నాయనా, చెప్పి పెట్టినట్టు వచ్చేది. ఇప్పుడు రాకుంటే ఊరు విడిపిస్తాది, వస్తే ఊరు ముంచుతాది" అన్నది. పెద్దకొడుకు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉన్నాడట, చిన్నవాడు మస్కట్టులో ఉన్నాడట.

అవ్వ మాటలో అతిశయోక్తి లేదు. 2016లో తమిళనాడుకు ప్రాణమైన ఈశాన్య ఋతుపవనం నూటికి అరవై పాళ్ళకు పైగా తప్పింది. అంత లోటు నూరేళ్ళకు పైగా ఎవరూ చూడలేదు. ఆ తరువాత ఏడేళ్ళకు, 2023 డిసెంబరు 17, 18 తేదీలలో, ఇదే తూత్తుకుడి జిల్లాలోని కాయల్‌పట్టణంలో ఇరవైనాలుగు గంటలలో సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. ఏడాదిలో కురవవలసిన దానికంటె ఎక్కువ వాన ఒక్క రోజులో! సముద్రం వేడెక్కుతూ ఉంటే గాలి ఎక్కువ తేమను మోస్తుందనీ, మోసినదంతా ఒక్కచోట కుమ్మరిస్తుందనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ వేడికి కారకులెవరు? బొగ్గు, చమురు కాల్చడం వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సగటు భారతీయుని వాటా ఏటికి రెండు టన్నులు, సగటు అమెరికా పౌరునిది పధ్నాలుగు టన్నులకు తక్కువ కాదు. మన అవ్వ వాటా ఆ రెండు టన్నులలోనూ ఎన్నో వంతో! పొయ్యి ఒకరు రగిలిస్తే పొగ ఇంకొకరి కంట్లో పడుతున్నది.

కరువు కథ

ఇది ఇప్పటి అన్యాయమే అనుకోరాదు. 1876లోనూ 1877లోనూ వానలు వరసగా తప్పి మద్రాసు రాజధానిలో దారుణమైన కరువు వచ్చింది. దక్షిణదేశంలో లక్షోపలక్షల జనం మరణించారు. మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కితే ఇక్కడ మబ్బు మొగం చాటు చేస్తుందని నేడు మనకు తెలుసు. ఆనాడు తెలియదు. అయితే వాన తప్పినందువల్లనే అంతమంది చనిపోయారా? అదే సమయంలో ఈ దేశపు ధాన్యం ఇంగ్లండుకు ఓడలకు ఎక్కుతూనే ఉన్నది. సహాయపు పనులలో చేరిన మగవానికి సర్ రిచర్డ్ టెంపుల్ దొర నిర్ణయించిన రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ కూలితో కాయకష్టం చేసేవాడు బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించగా కొన్ని నెలలకు దానిని పెంచారు. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు విన్నపం మీద లండను నగరంలో చందాలు వసూలు చేసి పంపారు. ఇచ్చిన సామాన్యుల మనసు మంచిదే, సందేహం లేదు. కాని ఒక చేత గింజలు తీసుకొని వెళ్ళి రెండవ చేత చందా పంపడం ఎటువంటి ధర్మం? సహాయం అనే మాట వినబడినప్పుడల్లా ఈ లెక్క గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ కరువులో తిరునెల్వేలి, మధుర జిల్లాల నుండి వేలకొలది జనం రామేశ్వరం దిక్కుగా నడచి సింహళానికి కాఫీ తోటల కూలికి పోయారు. వారిలో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. తాతలు ఉత్తరం నుండి వచ్చారు, మనుమలు సముద్రం దాటి పోయారు. రెండు వలసలకూ మూలం నీరే.

మధుర

మధుర స్టేషను ఎదురుగా దిగిన వెంటనే కనిపించేది మంగమ్మ సత్రం. 1689 నుండి 1706 వరకు మనుమని పేర రాజ్యం నడిపిన రాణి మంగమ్మ మన తెలుగు ఆడపడుచు. ఆమె వేయించిన బాటలు, నాటించిన చెట్లు, కట్టించిన సత్రాలు దక్షిణాన ఊరూరా చెప్పుకుంటారు. ఆమె పేరుతో ముడిపడిన తముక్కం మహలులోనే 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల ఉన్నది. తిరుమలనాయకుని మహలు చూడడానికి దేశదేశాల వారు వస్తారు. రావలసిందే. కాని నడచిపోయే బీదవానికి నీడ, నీళ్ళు, పిడికెడు అన్నం ఏర్పాటు చేసిన ఆమె ఘనత మహలులో కొలిచేది కాదు.

వైగై వంతెన మీద నిలబడితే సంవత్సరంలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. పడమటి కనుమల అవతల మలయాళదేశం వైపు పారే పెరియారు నీటిని ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తొలిచి, ఈ వైగైలోకి మళ్ళించే పని 1895లో పూర్తి అయినది. పెన్నిక్విక్ అనే ఇంజనీరు దానిని సాధించాడు. ధాత కరువు చేసిన నష్టమే ఆ పనికి తొందర పెట్టింది. కంబం లోయలోనూ, మధుర, మేలూరు ప్రాంతాలలోనూ లక్షకు పైగా ఎకరాలు అందువల్ల పండుతున్నవి. అయితే ఆ కాలువలు కరిసల్ నేలకు రాలేదు. ఒకే కొండ నీరు, ఒకే జనం, ఒకరికి కాలువ, ఇంకొకరికి మబ్బు. అసమానత అన్నది దేశానికీ దేశానికీ నడుమనే కాదు, కాలువకు ఈ గట్టూ ఆ గట్టూ అంత దగ్గరలోనూ ఉన్నది.

ఆ కాలువ రాని నేలలో, ఎట్టయాపురం దగ్గర వడమలాపురంలో, 1918లో ఒక రైతు ఇంట గోవిందప్ప వెంకటస్వామి జన్మించారు. ఇంటి భాష తెలుగు. బాల్యంలో తన బంధువుల ఆడపిల్లలు ముగ్గురు కాన్పు కష్టంతో చనిపోవడం చూచి, ప్రసూతి వైద్యుడు కావాలని వైద్యం చదివారు. సైన్యంలో పనిచేస్తూ ఉండగా కీళ్ళవాతం వచ్చి వ్రేళ్ళు వంకర తిరిగినవి. 1948లో సైన్యం విడిచి వచ్చారు. ప్రసూతి వైద్యం అసాధ్యం కాగా నేత్రవైద్యం చేపట్టారు. ఆ వంకర వ్రేళ్ళతోనే కత్తి పట్టడం అభ్యసించి జీవితంలో లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వోద్యోగం నుండి విరమించుకొని, 1976లో ఏబది యెనిమిదో యేట మధురలో పదకొండు మంచాలతో అరవింద కంటి ఆసుపత్రి ఆరంభించారు. తోడబుట్టినవారు, వారి భార్యాభర్తలు అందరూ ఆ పనిలో దిగారు. 2006లో ఆయన కీర్తిశేషులయ్యారు. ఆ ఆసుపత్రి నేడు ప్రపంచంలో పెద్దవాటిలో ఒకటి.

ఇందులో మనం నేర్చుకోవలసినది ఏమిటి? కంట్లో శుక్లం వచ్చిన కూలివాడు పని పోగొట్టుకుంటాడు. ఇంట్లో ఒక నోరు మిగులుతుంది, రెండు చేతులు తగ్గుతవి. అతనిని చేయి పట్టుకొని నడిపించడానికి ఒక పిల్ల బడి మానుతుంది. శస్త్రచికిత్స చేసి లోపల చిన్న కటకం అమరిస్తే చూపు దాదాపు పూర్వం వలె వస్తుంది. కాని 1980లలో ఆ కటకం విదేశాల నుండి రావలసిందే, వెల నూరు డాలర్లకు పైమాట. బీదదేశాలకు అంతటి వైద్యం అక్కరలేదు, సీసా అడుగు వంటి దళసరి కళ్ళద్దాలు చాలునని నిపుణులలోనే కొందరు అభిప్రాయపడ్డారు. వెంకటస్వామిగారు ఒప్పుకోలేదు. 1992లో మధురలోనే అరోలాబ్ అనే కర్మాగారం వెలిసింది. పది డాలర్లకు లోపలనే కటకం తయారైంది, తరువాత వెల ఇంకా దిగింది. నేడు నూరుకు పైగా దేశాలకు అవి పోతున్నవి. ఆసుపత్రిలో ఇచ్చుకోగలవారు ఇస్తారు, ఆ రాబడితో ఇచ్చుకోలేనివారికి ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో చికిత్స జరుగుతుంది. ఇద్దరికీ చేసే వైద్యులు వారే.

ఇక్కడ పైదేశపు సహాయం లేకపోలేదు. మశూచిని రూపుమాపడానికి మన దేశంలో పనిచేసిన అమెరికన్ వైద్యులు, వారి మిత్రులు కలిసి 1978లో స్థాపించిన సేవా ఫౌండేషను తోడ్పడింది. కటకాలు చేసే విద్య తెచ్చుకోవడానికి స్నేహితులు సహకరించారు. లయన్స్ సంఘం చేయూతతో ఇతర దేశాల వైద్యులకు తర్ఫీదు ఇచ్చే విద్యాలయం ఏర్పడింది. కాని అది ధాత కరువు నాటి చందా వంటిది కాదు. ఆ చందా ఆకలి గొన్నవానికి ఒక పూట గడిపింది, ఈ సహాయం చేతికి పని నేర్పి తప్పుకొన్నది. 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశ సహాయ సంస్థను మూసివేసినప్పుడు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఎన్నో వైద్యశాలలు మందులకు తడుముకొన్నవి. ఇచ్చేవాని మనసు మీద ఆధారపడిన దీపం వాని మనసు మారగానే ఆరిపోతుంది. స్వంత నూనెతో వెలిగేదే నిలుస్తుంది.

కోయంబత్తూరు

1997లో అరవింద ఆసుపత్రి శాఖ వచ్చిన కోయంబత్తూరు మన తెలుగువారికి ఇంకొక పుట్టినిల్లు. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1888లో తెరిచారు. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్సు స్థాపించారు. 1930ల తొలినాళ్ళలో పైకారా జలవిద్యుత్తు రాగానే మిల్లులు వరసగా లేచినవి. 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి. డి. నాయుడుగారి బుద్ధికుశలత దేశమంతా ఎరిగినదే. పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కొడుకులు ఆస్తిని నాలుగు కాక అయిదు భాగాలు చేసి, అయిదవ భాగాన్ని ధర్మానికి విడిచారు. 1926లో ఆ నిధితో ఏర్పడిన ధర్మసంస్థ నేడు బడులు, కళాశాలలు, ఆసుపత్రి నడుపుతున్నది. అయిదవ భాగం! పంపకం నాడు అన్నదమ్ములు చూరు వాసాలు కూడా లెక్కపెట్టుకొనే మన దేశంలో ఇది చిన్నమాట కాదు.

ఇంతవరకు చెప్పుకొని ఆగిపోతే మనకు హాయిగా ఉంటుంది. కాని తెల్లవారుజామున కోయంబత్తూరు వీధులలో నడిచినవారికి ఇంకొక తెలుగు వినబడుతుంది. చీపుళ్ళు పట్టుకొని వీధులు ఊడ్చే స్త్రీపురుషులలో చాలామంది ఇంట్లో మాట్లాడుకొనేది తెలుగే. వారు అరుంధతీయులు. మనతోబాటు వచ్చినవారే. మన బావులలో నీరు పైకి వచ్చింది కపిలతో, ఆ కపిలకు తోలుబాన కుట్టింది వారి చేతులు. బాన లేనిదే బావి లేదు, బావి లేనిదే పత్తి లేదు, పత్తి లేనిదే మిల్లు లేదు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలబడిన తరువాత రైతుకు నీరు సులభమైంది, బాన కుట్టేవానికి పని పోయింది. ఎందరో పొలాలలో కూలికో, పట్టణాలలో పాకీపనికో మళ్ళవలసి వచ్చింది. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొక చట్టం వచ్చినవి. అయినా మురుగుతొట్టిలో దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలు ఇంకా వస్తూనే ఉన్నవి.

2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల వాటాలో నూటికి మూడు పాళ్ళు వీరికి ప్రత్యేకించింది. అటువంటి ఏర్పాటు చెల్లునని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ చట్టంలోని ఏడు కులాల పట్టికలో ఒక పేరు "ఆది ఆంధ్ర". చదివినప్పుడు నేను కొంతసేపు కాగితం క్రింద పెట్టలేకపోయాను. మన సంఘాల పేర్లలో ఆంధ్ర ఉన్నది, వారి కులం పేరులోనే ఆంధ్ర ఉన్నది. ఉగాది నాడు మన పందిట్లో వారెందరు కనిపిస్తున్నారు?

తిరుప్పూరు మాట కూడా చెప్పాలి. అక్కడ కుట్టిన బనియన్లు యూరపు, అమెరికా అంగళ్ళకు పోతవి. రంగు వేసిన నీరు మాత్రం ఓడ ఎక్కదు. అది నొయ్యల్ ఏటిలో చేరింది. రైతులకు నీరివ్వడానికి 1990ల ఆరంభంలో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట వెనుక రంగునీరు నిలిచి, క్రింది ఊళ్ళ బావులు, కొబ్బరితోటలు చెడినవి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు కర్మాగారాలను మూయించి, మురికినీరు బయటికి విడవని యంత్రాలు పెట్టేవరకు తెరవకూడదని ఆజ్ఞాపించింది. ఆ యంత్రాల ఖర్చు ఇక్కడివారే భరించారు. చవుకగా చొక్కా దొరికిన పైదేశపు కొనుగోలుదారుకు నొయ్యల్ అనే ఏరు ఉన్నదనే తెలియదు.

ఆ కర్మాగారాలలో నేడు పనిచేసేది ఎవరు? కరిసల్ నేల బిడ్డలు, వారితోబాటు బీహారు, ఒడిశా, ఝార్ఖండ్ నుండి వచ్చిన యువకులు. 2020లో మహమ్మారి వచ్చి పనులు ఆగినప్పుడు వారు రైళ్ళ కోసం రోజుల తరబడి కాచుకొన్నారు. 2023 మార్చిలో వారిని ఇక్కడ కొట్టి చంపుతున్నారని అబద్ధపు వదంతి లేచి, ఎందరో భయంతో ఊళ్ళకు బయలుదేరారు. వదంతి అబద్ధమే, భయం మాత్రం నిజం. భాష రాని ఊళ్ళో కూలి చేసుకొనేవానికి అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

మన లెక్క

మూడు ప్రశ్నలతో బయలుదేరాను. ఎందుకు వచ్చామంటే, నీటి కోసం, మానం కోసం, బ్రతుకు కోసం. నేడు దేశాలు దాటుతున్నవారు వచ్చేదీ వాటికోసమే. దొరికినదేమిటంటే, ఇతరులు వదలిన నేల, దారి ఇచ్చిన చెట్టు, పొమ్మనని ఇరుగుపొరుగు. ఆ తమిళ ఇరుగుపొరుగు మన భాషను మన ఇంట్లో ఉంచుకోనిచ్చారు, అది సామాన్యమైన దానం కాదు.

మూడవ ప్రశ్నకే జవాబు బాకీ ఉన్నది. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సభలో ధనికదేశాలు బీదదేశాల నష్టానికి ఒక నిధి ఏర్పాటు చేయడానికి ఒప్పుకొన్నవి. ఒప్పుకొన్నంత వేగంగా డబ్బు రాలేదు. వారిని మనం అడగవలసిందే, గట్టిగా అడగవలసిందే. కాని పెద్ద దేశాలను అడిగే నోటికి బలం రావాలంటే మన వీధిలో మన లెక్క సరిగా ఉండాలి.

మన సంఘాలకు చేతనైన పనులు కొన్ని ఉన్నవి. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలలో తెలుగు మాట్లాడేవారికి మన నిధులనుండి చదువు వేతనాలు ఇవ్వవచ్చు, అదీ దానంగా కాక, తోటి తెలుగు బిడ్డకు రావలసిన వాటాగా. వారి పెద్దలను సంఘ సభ్యులుగా చేర్చుకొని, పందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టవచ్చు. మిల్లులు, అంగళ్ళు ఉన్నవారు తమ దగ్గర పనిచేసే ఉత్తరాది కుర్రవాళ్ళ బసలో మంచినీరు, గాలి, వైద్యం ఉన్నవో లేవో స్వయంగా వెళ్ళి చూడవచ్చు. ఊళ్ళో పూడిపోయిన చెరువు ఒకటి చూచుకొని పూడిక తీయించవచ్చు. కరిసల్ పల్లెలలో నూరు కానుగ మొక్కలు నాటించవచ్చు. వీటికి విదేశ సహాయం అక్కరలేదు, ప్రభుత్వ ఆజ్ఞలూ అక్కరలేదు.

గోవిందస్వామి నాయుడుగారి కొడుకులు పంపకాల నాడు అయిదవ భాగం పక్కన పెట్టారు. అంత మనవల్ల కాకపోవచ్చు. మన సంఘం రాబోయే సర్వసభ్య సమావేశంలో ఏడాది ఖర్చుల పట్టిక చదివేటప్పుడు, వచ్చే సంవత్సరపు పద్దులో ఆ చదువు వేతనాలకు ఒక గీత గీసి, ఎంత అంకె వేస్తామో నిర్ణయించుకొందాము.